కుప్పంలో లేని అంగడి

బొంత కుట్టాలంటే మొదట నేల తుడవాలి. పాత చీర పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టాలి. రాళ్లు లేకపోతే చీర జరుగుతుంది, చీర జరిగితే కుట్టు వంకరపోతుంది. నా దగ్గరున్న నాలుగు రాళ్లూ పెద్దపంజాణి నుంచి వచ్చే ఒక ముసలమ్మ ఇచ్చినవి. మా ఆయన చచ్చిపోయిన మూడో నెలలో ఆమె పుంగనూరులో మా ఇంటికి వచ్చింది. అప్పటికి మా గడప ఎవరూ తొక్కడం లేదు. శుక్రవారం పూట వీధిలో ఆడవాళ్లు ఒకరింటికి ఒకరు పోయి పసుపు కుంకుమ ఇచ్చుకునేవాళ్లు. మా ఇంటి ముందుకొచ్చేసరికి కాళ్లు చూసుకుంటూ దాటిపోయేవాళ్లు. వాళ్లను తప్పుపట్టను. మా ఆయన ఉన్నప్పుడు నేనూ అట్లా ఇంకొకరి గడప దాటినదాన్నే.

ముసలమ్మ లోపలికొచ్చి కూర్చుంది. సంచిలోంచి సూది, దారం ఉండ, నాలుగు రాళ్లు తీసి నా ముందు పెట్టింది.

"ఎన్నాళ్లు గోడకానుకోని కూర్చుంటావు మే? బిడ్డుండాది కదా. కుట్టడం నేర్చుకో," అంది.

"నాకు రాదవ్వా."

"నేనేమన్నా సూది చేతబట్టుకోని పుట్నానా? రా, ఈ మూల పట్టుకో."

ఇవన్నీ నాకెందుకు ఇస్తున్నావని అడిగాను. "నా కండ్లు పోతాండాయి. రాళ్లు నీకాడుంటే పనికొస్తాయి," అంది. అంతే. దానికి బదులుగా ఆమె నన్ను ఏమీ అడగలేదు.

మొదటి బొంతలోనే నేను దొంగపని చేశాను. లోపల పరవడానికి పాత గుడ్డ చాలలేదు. ఒక మూల ఎరువు సంచి ముక్క పెట్టి, పైన మంచి చీర కప్పి కుట్టేశాను. చూస్తే తెలియదు. ముసలమ్మకు కండ్లు సరిగ్గా కనపడవు కదా, అరచేత్తో బొంతంతా తడిమింది. ఆ మూల దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడేందో గరుకుగా ఉండాది."

కత్తెర తెచ్చి ఆ మూల ఒక్కటే విప్పబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మూల ఇప్పితే ఏం లాభం మే? ఆ వరస మొదటి ముడికాడ్నుంచి ఇప్పు. సగంలో తెంపి అతికిస్తే అది నిలబడదు," అంది. రెండు రోజులు విప్పాను. ఏడ్చుకుంటూ విప్పాను. ఆ బొంత ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

నాకు చదువు లేదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతే. నా బొంతల మీద నా కూతురు మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊర్లో ఇంజనీరింగ్ చదివింది. కంప్యూటర్ చదువు. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. రెండేళ్లు చేసింది. రెండు వేల ఏడో, ఎనిమిదో, ఆ ప్రాంతంలో నాకు జ్వరం వచ్చి కీళ్లు పట్టేశాయి. లేచి నీళ్లు ముంచుకోలేని స్థితి. కూతురు సెలవు పెట్టి వచ్చింది. నాకు నయమయ్యాక కూడా పోలేదు.

"పోనమ్మా నేను. ఆడ నాకేం బాగలేదు. నీ బొంతలే అమ్ముదాం," అంది.

"పిచ్చిదానా, ఇంజనీరు చదివి బొంతలమ్ముతావా?"

"నేను కుట్టను లేమ్మా, నాకు వంకర పోతాది. నువ్వు కుట్టు, నేను లోకానికి చూపిస్తా."

కంపెనీవాళ్లు ఆమెను వదులుకోలేక దసరా దాకా టైమిచ్చారు. దసరాలోపు వస్తే అదే ఉద్యోగం, లేకపోతే లేదు. అదీ లెక్క. నేను పైకి పో పో అనేదాన్ని గానీ, పొద్దున్నే పక్క చాప మీద దాని తల కనపడితే నా ప్రాణం కుదుటపడేది.

అది బొంతలకు ఫొటోలు తీసి వెబ్‌సైటు పెట్టింది. మీ అమ్మ చీరలో, అవ్వ చీరలో పంపండి, బొంత కుట్టి మళ్లీ మీకే పంపిస్తాం అని అందులో రాసింది. మదనపల్లెలో బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటరులో కూర్చుని చేసేది. పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేది. ఒకరోజు నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది.

"ఎవురన్నా బొంత కావాలని సెర్చ్ ఇంజన్‌లో టైపు చేస్తారు మా. అది లోకంలో ఉండే పేజీలన్నీ ఎతికి, ఏది మంచిదో దాన్ని ముందర పెడతాది."

"ఏది మంచిదో దానికెట్ల తెలుస్తాది?"

"మన పేజీలో ఏముండాదో చదువుతాది. ఇంకా ఎవురెవురు వాళ్ల పేజీల్లో మన పేరు చెప్తాండారో చూస్తాది. అట్ల చెప్పేదాన్నే లింకు అంటారు."

"పెండ్లి సంబంధానికి ముందు ఊర్లో వాకబు చేసినట్ల."

"అంతే మా! అచ్చం అంతే!" అని ఎగిరి గంతేసింది.

మొదట్లో నెలకొక పార్శిల్ కూడా రాలేదు. మదనపల్లెలోనే ఇట్లాంటి పని తెలిసిన ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే పోయి కలిసింది. మొదటి పేజీకి తెస్తానని ఆయన మాటిచ్చాడు. రెండు పనులు చేశాడు. ఒకటి, ఊరికొక పేజీ పెట్టాడు. మదనపల్లె బొంతల అంగడి, పుంగనూరు బొంతల అంగడి, కుప్పం బొంతల అంగడి, ఇట్లా. లోపలున్న మాటలన్నీ ఒకటే, ఊరి పేరొక్కటే వేరు. రెండోది, తెల్లటి పేజీ అడుగున తెల్లటి అక్షరాలతో బొంత బొంత బొంత అని వందసార్లు రాశాడు. మనుషులకు కనపడదు. సెర్చ్ ఇంజన్ మాత్రం చదువుతుంది.

మూడో పని నాది. అది చెప్పకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు.

ఎక్కడెక్కడివాళ్లో నా కూతురికి కంప్యూటర్లో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. మీ పేజీలో మా లింకు పెట్టండి, మా పేజీలో మీ లింకు పెడతాం అని. "వీళ్లెవురో తెలీదు మా. ఏం చేద్దాం?" అని నన్ను అడిగింది. నేను అప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాను. తలెత్తకుండానే చెప్పాను.

"గడపకొచ్చిన ఆడమనిషిని బొట్టు పెట్టకుండా పంపిస్తామా అమ్మణ్ణీ? వాళ్లిచ్చేది తీసుకో, మనమిచ్చేది ఇయ్యి. వట్టి చేతుల్తో పంపొద్దు."

ఏళ్ల తరబడి ఎవరూ నాకు బొట్టు పెట్టలేదు. నేను పెడితే తీసుకునేవాళ్లూ లేరు. ఇప్పుడు నా కూతురి గడప దగ్గరికి ఇంతమంది వస్తున్నారని నాకు లోపల పొంగు. అది కూడా అమ్మ మాట జవదాటకుండా వచ్చినవాళ్లందరికీ పెట్టింది. లింకుల పేజీ చాంతాడంత అయింది.

ఆ తర్వాత బాగానే సాగింది. వారానికి రెండు మూడు చీరల మూటలు వచ్చేవి. వీధిలో ఇద్దరు ఆడవాళ్లకు కుట్టు నేర్పించి పక్కన కూర్చోబెట్టుకున్నాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బయ్యేళ్లుంటాయి. భుజాన తువ్వాలు, చంకలో మూట. గడప దగ్గరే నిలబడి ఆయాసపడుతున్నాడు. చెంబుతో నీళ్లిచ్చాను. గటగటా తాగాడు.

"అమ్మా, బొంతలు కుట్టేది ఈడేనా?"

"ఈడేనప్పా. యాడ్నుంచి వస్తాండారు?"

"కుప్పం. మాది కుప్పమే. కుప్పంలో మీ అంగడి ఉండాదని మా మనవరాలు బెంగళూరులో కంప్యూటర్లో చూసి చెప్పింది. ఎవుర్నడిగినా తెలీదంటారు. రెండు రోజులు బజారంతా తిరిగినాను. కడాకి దాంట్లో ఉండే ఫోన్ నంబరు పోస్టాఫీసులో చూపిస్తే ఇది పుంగనూరు నంబరన్నారు. పలమనేరులో బస్సు మారి వచ్చినా."

నా కూతురు లోపలి నుంచి వస్తూ ఆ మాట విని వాకిట్లోనే ఆగిపోయింది. దాని మొహం నేను చూశాను. అది నా మొహం చూసింది.

పెద్దాయన మూట విప్పాడు. ఆయన భార్య చీరలు. పోయి ఆరు నెలలయిందట. ఆకుపచ్చది ఒకటి, వక్కరంగుది ఒకటి, ఇంకొకటి బాగా నలిగిన నేతచీర. ఒక్కొక్కటీ మడత విప్పకుండా చేత్తో నిమురుతున్నాడు. "ఇది కట్టుకోని కసువు చిమ్మేది. ఉతికినా, ఉతక్కపోయినా నీ ఇష్టం. ఉతికితే వాసన పోతాది కదమ్మా?" అన్నాడు.

"ఉతకను లేప్పా," అన్నాను.

మా మీద కోపగించుకోలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన పోయాక నా కూతుర్ని అడిగాను. "కుప్పంలో మనకు అంగడి యాడుండాది? యాల పెట్టినావు?"

"అందరూ అట్లే పెడతారంట మా. ఆయన చెప్పినాడు."

నేను ఇంకేమీ అనలేదు. అక్కడ ఊరుకున్నాను చూడండి, అది నా ఇంకో తప్పు. ఆ బొంత మాత్రం నేనొక్కదాన్నే కుట్టాను, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఉతకకుండానే కుట్టాను.

రెండు నెలలు గడిచాయో లేదో, ఒక సోమవారం నా కూతురు మదనపల్లె నుంచి మధ్యాహ్నం బస్సుకే వచ్చేసింది. చెప్పులు కూడా విప్పకుండా చాప మీద కూర్చుంది.

"పోయింది మా."

"ఏం పోయింది? పర్సా?"

"మన సైటు. సెర్చ్‌లో లేదు. మన పేరే టైపు చేసినా రాలేదు. మోసం చేసినారని సెర్చ్ ఇంజన్‌వాళ్లు తీసేసినారు."

చేసినవాళ్లు ఎవరైనా నెట్‌లో మా ఇంటి పేరు మీద ఆ ముద్ర పడింది. ఉత్తరాలు ఆగిపోయాయి. చీరల మూటలు ఆగిపోయాయి. దసరాకు రెండు నెలలుంది. నా కూతురు పెట్టెలోంచి బెంగళూరుకు వేసుకుపోయే చుడీదార్లు తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. అది నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

మదనపల్లె ఆయన దగ్గరికి పోతే చాలా తేలిగ్గా చెప్పాడట. "దీన్ని వదిలెయ్యమ్మా. ఇంకో పేరుతో కొత్త సైటు పెట్టుకుందాం, మళ్లీ అట్లే చేద్దాం." నా కూతురికి ఆ మాట నచ్చలేదు. తనే కూర్చుని ఆ తెల్ల అక్షరాలు తీసేసింది. మళ్లీ చూడండి అని సెర్చ్ ఇంజన్‌వాళ్లకు అర్జీ పెట్టింది. అట్లా అర్జీ పెట్టుకునే దారి ఒకటి ఉంటుందట. మూడు వారాలు ఎదురుచూసింది. మీ సైటు ఇంకా మా నియమాలకు విరుద్ధంగానే ఉంది అని జవాబొచ్చింది.

ఆ రోజు అది ఏడ్చింది. చిన్నప్పుడు నాన్న పోయినప్పుడు కూడా అట్లా ఏడవలేదు.

"అర్జీలో ఏం రాసినావు?" అని అడిగాను.

"ఒక కన్సల్టెంటు చేసినాడు, మాకు తెలీదు, ఇప్పుడు తీసేసినాం అని రాసినా."

"తీసేసింది ఏంది? తెల్ల అక్షరాలేనా?"

"ఊ."

"కుప్పం అంగడి?"

చాప అంచు పీకుతూ కూర్చుంది.

"బొట్టు పెట్టినోళ్లంతా?"

"వాళ్లను ఎట్ల తీసేస్తా మా? వాళ్లు మన పేరు పెట్టుకోనుండారు. మనం తీసేస్తే వాళ్లూ తీసేస్తారు. అప్పుడు మనకంటూ ఎవురుంటారు?"

ఆ మాట నన్ను పొడిచింది. ఎందుకంటే మా ఆయన పోయిన కొత్తలో నేనూ ఇదే మాట అనుకుంటూ గోడకానుకుని కూర్చున్నాను. లేచి దాని పక్కన కూర్చున్నాను. దాని జుట్టు చిక్కుగా ఉంటే వేళ్లతో దువ్వుతూ చెప్పాను.

"ఎవురూ లేకపోతే చచ్చిపోరు అమ్మణ్ణీ. నన్ను చూడు. నేను తప్పు చెప్పినా నీకు. ఇచ్చి పుచ్చుకునేది వాయనానికి. వాకబుకు కాదు. మన సంగతి తెలీనోళ్లు మన గురించి మంచి చెప్తే అది అబద్ధమే కదా. రేపు నన్నూ తీసుకోనిపో మదనపల్లెకి. మొదటి ముడికాడ్నుంచి ఇప్పుదాం."

మర్నాడు మొదటి బస్సుకు పోయాం. నెట్ సెంటరులో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసింది. మొదట ఆ తెల్ల అక్షరాలు ఎట్లా ఉండేవో చూపించమన్నాను. తన దగ్గర దాచిన పాత పేజీ తెరిచింది. తెల్లగా ఉంది, ఏమీ లేదు. మౌసు పట్టుకుని కిందికి లాగింది. లాగేకొద్దీ నీలం పట్టీ మీద అక్షరాలు పైకి తేలాయి, చీమల బారుల్లాగా. నా అరచెయ్యి జలదరించింది. అదే ఎరువు సంచి. అదే గరుకు.

ఊళ్ల పేజీలన్నీ తీసేయించాను. పుంగనూరు ఒక్కటే ఉంచింది. తర్వాత లింకుల పేజీ. ఒక్కొక్కటీ నాకు చదివి వినిపించమన్నాను.

"ఇది లారీ టైర్లు."

"ఈళ్లు మన బొంత కప్పుకున్నారా?"

"లేదు మా."

"చూసినారా?"

"లేదు."

"తీసెయ్."

"ఇది బట్టతలకు మందు."

"దానికి బొంతెందుకే! తీసెయ్."

పక్క కంప్యూటరు దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వారు. నా కూతురికీ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. ఇంకోటి తెరవబోయి, "ఇది నువ్వు చూడొద్దులే మా," అని చటుక్కున మూసేసింది. "ఓసి నీ పాసుగూలా, అట్లాంటోళ్లకు కూడా బొట్టు పెట్టినావా?" అన్నాను. కడాకి మిగిలింది ఒకే ఒకటి. మదనపల్లెలో మగ్గం నేసేవాళ్ల పేజీ. వాళ్ల దగ్గర మేం ముక్కలు తెచ్చుకుంటాం, మా పని వాళ్లకు తెలుసు. అది ఉంచాం. మా పేరు పెట్టుకున్న మిగిలినవాళ్లందరికీ, దయచేసి మా లింకు తీసేయండి అని ఉత్తరాలు రాసింది. అట్లా నాలుగు రోజులు పోయి వచ్చాం. కొందరు తీశారు. కొందరు పలకలేదు. పలకనివాళ్ల పేర్లు విడిగా రాసిపెట్టుకుంది.

అర్జీ రాసేటప్పుడు నేను చెప్తాను, నువ్వు ఇంగ్లీషులోకి మార్చుకో అన్నాను. నేను అన్నది ఇది.

"అయ్యా, మాది పుంగనూరు. నేను బొంతలు కుడతాను, నా బిడ్డ అమ్ముతాది. కుప్పంలో మాకు అంగడి లేదు. ఉండాదని రాసినాము. అది చదివి ఒక పెద్దాయన పెండ్లాం చీరలు చంకన పెట్టుకోని రెండు రోజులు ఎండలో తిరిగినాడు. తెల్ల అక్షరాలు వేరే ఆయన రాసినాడు గానీ, రాయమన్నది మేమే. ముక్కూ మొహం తెలీనోళ్లకు లింకులిమ్మని నా బిడ్డకు చెప్పింది నేను. అది నా తప్పు. బిడ్డ తప్పు కాదు. తీసినవి ఇవి. తీయమని అడిగినా తీయనోళ్లు వీళ్లు. మళ్లీ ఇట్లా చెయ్యము. మా పని బాగుంటే చూపించండి, బాగలేకపోతే వద్దు."

నా కూతురు టైపు చేస్తూ చేస్తూ ఆగింది. "బిడ్డ తప్పు కాదు అనేది వద్దు మా. అది అబద్ధం. నాకు తెలిసే చేసినా," అంది. ఆ ఒక్క మాట కొట్టేసి, ఇద్దరి తప్పు అని రాసింది. నేను ఒప్పుకున్నాను.

తర్వాత ఎదురుచూపు. జవాబు రాలేదు. వారం, రెండు వారాలు, మూడు. కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. శుక్రవారంలోగా తేల్చి చెప్పమన్నారు. ఇస్త్రీ చేసిన బట్టలు పెట్టెలో సర్దేసింది. నేను దాని కోసం రాగిపిండి, చింతకాయ తొక్కు మూట కట్టాను. కట్టి మళ్లీ విప్పాను, మూత గట్టిగా లేదని సాకు చెప్పుకుని.

గురువారం అది మదనపల్లె పోయింది. సాయంత్రం వీధి మొదట్లో నుంచే, "మా! ఓ మా!" అని అరుస్తూ వచ్చింది. చేతిలో ఒక ప్రింటు కాగితం. మా అర్జీ చూశామని వాళ్లు రెండు ముక్కలు జవాబు రాశారట. మా సైటు సెర్చ్‌లో మళ్లీ కనపడుతోంది. మొదటి పేజీలో కాదు, మూడో పేజీలో, కింద ఎక్కడో.

"మూడో పేజీలోనా? అంతేనా?" అన్నాను.

"మూడో పేజీలో మా! ఉండాది మా!" అని నన్ను గట్టిగా పట్టుకుంది.

కాగితం మీద ఉన్నది మా సైటు కాదు. ఇంకొకరి పేజీ. మా సైటు కంటే పైన అది కనపడిందట. అందులో ఒక ఫొటో. మంచం మీద బొంత. ఆకుపచ్చ, వక్కరంగు, మధ్యలో నలిగిన నేతచీర. నేను కుట్టిన కుట్టు నాకు తెలియదా. కుప్పం పెద్దాయన మనవరాలు రాసుకున్న పేజీ అది. నా కూతురు తెలుగులో చదివి వినిపించింది. మా తాత ఇప్పుడు మళ్లీ నిద్రపోతున్నాడు, దీన్ని కుట్టినవాళ్లు దీన్ని ఉతకలేదు, వాళ్లు పుంగనూరులో ఉన్నారు, కుప్పంలో వెతకొద్దు అని రాసింది. దాని కింద మా లింకు. ఆ పిల్ల మాకు ఉత్తరం రాయలేదు, ఏమీ అడగలేదు.

"ఈమెది మన పేజీలో పెడతా మా. పెట్టకపోతే బాగుండదు," అంది నా కూతురు.

"వద్దు," అన్నాను. "ఆ బిడ్డ ఊరికే ఇచ్చింది. తీసుకో. నాకు నాలుగు రాళ్లిచ్చినామెకు నేను ఏం తిరిగిచ్చినా?"

శుక్రవారం పొద్దున కంపెనీవాళ్ల ఫోన్ వచ్చింది. అది ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయింది. నేను వినకూడదని సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. దారం మూడుసార్లు తప్పింది. నోట్లో తడిచేసి మళ్లీ పెట్టాను, మళ్లీ తప్పింది. వాకిట్లో అది ఏదో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గొంతు మెల్లగా ఉంది. ఏమీ తెలియలేదు. పెట్టె గోడ పక్కన తాళం వేసి ఉంది. రాగిపిండి మూట దాని మీద ఉంది.

లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా చేతిలోంచి సూది తీసుకుని ఒక్కసారికే దారం ఎక్కించింది. ముడి వేసి నా చేతిలో పెట్టింది.

"రానని చెప్పేసినా," అంది. "ఆ పిండి ఈ పొద్దు సంగటి చెయ్యి మా. ఆకలైతాండాది."

పక్కనున్న రాయి తీసి నాలుగో మూల మీద పెట్టాను. చీర జరగకుండా నిలబడింది.